జిన్సియా అడిగితే జమియా చెప్పాను

పేర్లు రాయను. మనిషి పేరూ రాయను, ఆయన దేశం పేరూ రాయను. దేశం పేరు రాస్తే చాలు, మనిషి దొరికిపోతాడు. కువైట్‌లో ఆ దేశం వాళ్లు అంత తక్కువ. ఆఫ్రికాలో ఒక పెద్ద దేశం రెండుగా చీలింది, కింది సగం కొత్త రిపబ్లిక్ అయింది. ఆయన ఆ కింది సగం మనిషి. ఇంతవరకు తెలిస్తే చాలు.

సాల్మియాలో నేను వంట చేసే ఇంట్లో ఆయన డ్రైవరు. నేను ఆ ఇంటికి వచ్చేసరికే ఆయన ఉన్నాడు. ఎంత పొడుగంటే వంటింటి వెనక తలుపు దగ్గర ప్రతిసారీ తల వంచి లోపలికి రావాల్సిందే. నేను అన్నా అని పిలిచేదాన్ని. అన్నా అంటే ఏమిటని అడిగి తెలుసుకున్నాక ఆయన నన్ను ఉఖ్తీ అనడం మొదలుపెట్టాడు. వాళ్ల మాటలో చెల్లెలా అని. మేం మాట్లాడుకున్నదంతా అరబ్బీలోనే. ఆయనది పుట్టి పెరిగిన అరబ్బీ, నాది గిన్నెలు తోముతూ చెవితో పట్టుకున్న అరబ్బీ. ఇప్పుడు గుర్తు చేసుకుంటే మాత్రం ఆయన మాటలు కూడా నాకు మా అన్నమయ్య జిల్లా యాసలోనే వినిపిస్తాయి. అట్లాగే రాస్తున్నాను.

నేను వచ్చిన మరుసటి ఏడే వాళ్ల దేశం పుట్టింది. ఆరోజు మధ్యాహ్నం మచ్‌బూస్‌కు, అంటే ఇక్కడి మాంసం పులావుకు, ఉల్లిపాయలు వేయిస్తుంటే ఆయన ఫోన్ చేతిలో పట్టుకొని వచ్చాడు.

"ఉఖ్తీ, సూడు. మా జెండా ఎగరేస్తాండారు."

"ఇంతకుముందు నీకు జెండా ల్యాకుండెనా?"

"అది వాళ్లది. ఇది మాది."

మంట తగ్గించి చూశాను. జనం, జనం, ఒక స్తంభం చుట్టూ ఆడవాళ్లు ఎగురుతున్నారు. ఓట్లు వేసి తెచ్చుకున్నామని చెప్పాడు. చదువు రానివాళ్లకు కూడా తెలిసేటట్టు కాగితం మీద రెండు బొమ్మలు వేశారట. రెండు చేతులు పట్టుకున్న బొమ్మ మీద వేలిముద్ర వేస్తే కలిసి ఉందామని. ఒంటి చెయ్యి మీద వేస్తే విడిపోదామని.

"నువ్వు దేని మీద వేసినావన్నా?"

"నాకు యాడ ఓటుండాది? కువైట్‌లో పెట్టె పెట్టలేదు. మా అమ్మ వేసింది, ఒంటి చేతికి. ఆ వేలు రెండు దినాలు కడగలేదంట."

నేను ఐదో తరగతి దాకానే చదివాను. అయినా కువైట్‌లో ఉన్నవాళ్లకు మొదట తోచేది ఏమిటో నాకూ అదే తోచింది. మరి పాస్‌పోర్టు ఎట్లా అని అడిగాను. ఆయన పాస్‌పోర్టు పాత దేశానిది. పుట్టింది కూడా అక్కడి రాజధానిలోనే. తండ్రి పని కోసం దక్షిణం నుంచి పైకి వచ్చిన మనిషి.

"వస్తాది లే," అన్నాడు. "కొత్తింట్లో చేరినోళ్లు మొదట పొయ్యి పెట్టుకుంటారు గానీ తలుపు గడియ సూసుకుంటారా?"

ఆ సాయంత్రం ఇంట్లో అందరికీ ఖర్జూరాలు పంచాడు. మామా అని మేం పిలిచే ఇంటావిడ కూడా తీసుకొని దీవించింది.

తరువాత ఆ రిపబ్లిక్ గురించి నేను తెలుసుకున్నదంతా వంటింటి వెనక మెట్ల మీదే. పిల్లలను బడి నుంచి తెచ్చి దింపాక ఆయనకు టీ ఇచ్చేదాన్ని. ఆయన ఫోన్‌లో వార్తలు విని నాకు చెప్పేవాడు. నాకు తెలిసిన ప్రభుత్వమంటే సచివాలయం, రేషన్ కార్డు, పింఛను. అందుకని ఆ వైపు నుంచే అడిగేదాన్ని.

"మీ ఊరికి ఎమ్మెల్యే ఎవరన్నా?"

"ఎవరో ఉంటాడు. ఓట్లేసి గెలిపించినోడు కాదు. పెద్దోళ్లు కూర్చొని పంచుకున్న సీట్లు."

"మరి ముసలమ్మకు పింఛను రాకపోతే యాడికి పోవల్ల?"

నవ్వాడు. పింఛను అనే మాటకు ఆయన దగ్గర మాట లేదు.

మూడేళ్లన్నా నిండకముందే వాళ్ల రాష్ట్రపతికీ ఉపరాష్ట్రపతికీ చెడింది. తుపాకులు కాల్చుకున్నారు. దక్షిణానికి తిరిగిపోయి ఉంటున్న వాళ్లమ్మ ఊరు విడిచి సరిహద్దు దాటి గుడారాల్లో పడింది. తరువాత రాజీ అన్నారు. మళ్లీ కొట్టుకున్నారు. మళ్లీ రాజీ. ఆ రాజీలో ఉపరాష్ట్రపతులను ఐదుగురిని చేశారని చెప్పినప్పుడు నేను టీ గ్లాసు కింద పెట్టేశాను.

"ఐదుగురా! ఇంతకూ పని చేసేదెవరు?"

"ఒక్కొక్కడు మిగతా నలుగురిని కనిపెట్టుకొని ఉంటాడు. అదే పని."

రాజ్యాంగం తాత్కాలికం. పార్లమెంటు తాత్కాలికం. ప్రభుత్వం తాత్కాలికం. ఎన్నికలు ఈ ఏడు అంటారు, వాయిదా వేస్తారు. ఇంకో రెండేళ్లకు అంటారు, మళ్లీ వాయిదా. వాయిదా వార్త వచ్చిన ప్రతిసారీ ఆయన ఆ ముక్క మాత్రం నాకు చెప్పకుండా టీ తాగేసి కారు తుడవడానికి వెళ్లిపోయేవాడు. ఆ వెళ్లడాన్ని బట్టే నాకు తెలిసేది.

ఈలోగా పాస్‌పోర్టు గడువు అయిపోయింది. ఇక్కడ ఇఖామా, అంటే మనల్ని ఉండనిచ్చే కాగితం, పాస్‌పోర్టు మీదనే నిలబడుతుంది. అది లేకపోతే కఫీల్, అంటే మనకు పూచీ ఉన్న యజమాని, ఎంత మంచివాడైనా ముద్ర పడదు. మేం బాబా అని పిలిచే మా కఫీల్ మంచివాడే. తానే కారు నడుపుకుంటూ ఆయనను పాత దేశం వాళ్ల ఆఫీసుకు తీసుకొనిపోయాడు. అక్కడ కిటికీలో కూర్చున్నవాడు పుట్టిన ఊరు అడగలేదట. మీ తాత ఏ తెగ అని అడిగాడట. చెప్పాడు. అయితే నువ్వు మావాడివి కాదు, పో, నీ కొత్త దేశాన్ని అడుక్కో అన్నాడట.

కొత్త దేశానికి అప్పట్లో కువైట్‌లో ఆఫీసు లేదు. వేరే దేశంలో ఒకటుంది, అక్కడికి కాగితాలు పంపాలి. ఫారం ఇంగ్లీషులో. అప్పుడు మా కోనసీమ వదిన వచ్చింది. వరసకు వదిన కాదు, ఒక శుక్రవారం బస్సులో కలిసిన మనిషి. హవల్లీలో ఒక బడిలో ఆయాగా చేస్తుంది. ఇంటర్ దాకా చదివింది, రాత ముత్యాల్లా ఉంటుంది. శుక్రవారం మెట్ల మీద కూర్చుని ఫారం నింపింది. ఒంటి చెయ్యి ఓటు సంగతి చెబితే పకపకా నవ్వింది.

"ఓర్నాయనో! చెయ్యి గుర్తైతే చీలిపోకుండా ఉంటాదేంటి వదినా? మన రాష్ట్రం చూళ్లేదా?"

ఆయనకు అరబ్బీలో చెప్పాను. మీ రాష్ట్రం కూడా చీలిందా, మీ పాస్‌పోర్టు ఎట్లా అని ఆదుర్దాగా అడిగాడు. మాది దేశం చీలలేదు అన్నా, ఇంట్లో గోడ కట్టుకున్నాం, అంతే అన్నాను. నా పాస్‌పోర్టులో ఇప్పటికీ కడప జిల్లానే ఉంది. మా ఊరు అన్నమయ్య జిల్లాలోకి పోయింది. ఎవరూ నన్ను ఆపి అడగలేదు. అడగకపోవడం కూడా ఒక ఆస్తి అని అప్పుడు తెలియలేదు నాకు.

ఆ ఫారంలో ఒక గడి ఉంది. నీది ఏ రాష్ట్రం అని. దేశం పుట్టినప్పుడు వాళ్లకు పది రాష్ట్రాలు. తరువాత ఇరవై ఎనిమిది చేశారు. తరువాత ముప్పై రెండు. ఆయన తండ్రి ఊరు ఏ ముక్కలో పడిందో ఫోన్ చేసి గుడారాల్లో ఉన్న అమ్మను అడిగితే ఆమె తెగ పెద్దను అడిగి చెప్పింది. ఆ పేరు రాశాం. చాలా కాలానికి ఫారం తిరిగి వచ్చింది. ఆ పేరుతో రాష్ట్రం లేదు, సరిచేసి పంపమని. ఈలోగా మళ్లీ పది రాష్ట్రాలే చేసేశారు.

"ఇదేం ప్రభుత్వం అండీ బాబూ," అంది వదిన, ఇంకో ఫారం ముందేసుకుని. "ఇస్త్రీ బట్టలు మడత పెట్టినట్టు దేశాన్ని పెడతారు, విప్పుతారు."

మళ్లీ రాసి పంపాం. ఫోన్ నంబరు అడిగితే ఆయనది రాసి, రెండోది కావాలంటే ఇంటి నంబరు రాశాం. అప్పటికి బాబా ఎవరెవరినో బతిమాలి తాత్కాలికంగా పొడిగింపులు తెస్తున్నాడు. ఇంక ఇదే ఆఖరు, ఈసారికి పాస్‌పోర్టు రాకపోతే నా చేతిలో ఏమీ లేదు అని ఆయనకు ముందే చెప్పాడు.

ఒక ఉదయం ఆయన పిల్లలను బడిలో దింపడానికి వెళ్లాడు. ఇంటి ఫోన్ మోగింది. నేనే ఎత్తాను. మగ గొంతు, అరబ్బీ గబగబా ఉంది. ఆయన పేరు చెప్పి ఉన్నాడా అని అడిగాడు. లేడు, నేను వంట మనిషిని, ఏం కావాలో చెప్పండి అన్నాను. ఆఫీసు అనే మాట వినిపించలేదు నాకు. ఏదో అంగడి నుంచి అనుకున్నాను. వాళ్లు సరుకులు ఇంటికి పంపేటప్పుడు అట్లాగే అడుగుతారు.

"ఆయన జిన్సియా ఏది?"

ఇక్కడ ప్రతి పేటకూ ఒక సహకార సంఘం అంగడి ఉంటుంది. దాన్ని జమియా అంటారు. రోజుకు పదిసార్లు మా ఇంట్లో ఆ మాట వినపడుతుంది. జమియాకు పోయినావా, ఏ జమియాలో కొన్నావు, జమియాలో పెరుగు లేదా. జిన్సియా అంటే ఏ దేశపు మనిషివి అని. ఆ మాట నన్ను ఎవరూ అడిగిన పాపాన పోలేదు. నా ముఖం చూస్తూనే హిందీ అనేస్తారు, ఇండియా మనిషి అని. కాగితాల పనులన్నీ బాబా చూసేవాడు. నా చెవికి ఫోన్‌లో మనిషి అన్నది జమియా అనే పడింది.

"రెండున్నాయి," అన్నాను.

"రెండా?"

"అవును. పాతదీ ఉంది, కొత్తదీ ఉంది. రెండూ ఆయనవే." మా ఇంటికి రెండూ దగ్గరే. రెండింటికీ ఆయనే పోతాడు.

"పాతది వదులుకోలేదా?"

"లేదు లేదు, దాన్నెందుకు వదులుతాడు? మాకు మొదటి నుంచీ అదే అలవాటు."

అవతల కాసేపు ఏదో రాసుకుంటున్న చప్పుడు. షుక్రన్ అని థాంక్స్ చెప్పి పెట్టేశాడు. ఆయన వచ్చాక, అన్నా, అంగడోళ్లు ఫోన్ చేసినారు, రెండింట్లో ఏదో అడిగినారు అని చెప్పాను. ఆయన సరే అన్నాడు. అంతే. పొయ్యి మీద పప్పు మాడిపోతుందని నేను ఆ సంగతే మరిచిపోయాను.

జవాబు కాగితం వచ్చింది. వదిన శుక్రవారం వచ్చి చదివింది. చదువుతూ చదువుతూ ఆగిపోయింది.

"ఏంటిది? రెండు దేశాల పౌరసత్వం ఉందని ఫోన్లో చెప్పారంట. పాతది వదులుకోనని కూడా చెప్పారంట. అందుకని ఇవ్వం అంటున్నారు. ఎవరు చెప్పారు?"

ఆయన తెల్లబోయాడు. నాకు ఎవరూ ఫోన్ చేయలేదు అన్నాడు. వదిన అరబ్బీలో ఆయనకు అర్థమయ్యేటట్టు ఆ మాట పలికింది. జిన్సియా. నా చేతిలో కొత్తిమీర కట్ట ఉంది. అది కింద పడిందో, నేనే పెట్టానో తెలియదు.

"అన్నా, నేను చెప్పినా. అంగడి అనుకొని చెప్పినా. జమియా అనుకున్నా."

వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నీ బుర్ర కాలా! దేశం అడిగితే పెరుగు కొట్టు చెప్పేసేవేంటే!" అంది. తిట్టిందో ఏడ్చిందో ఆమెకే తెలియలేదు.

ఆయన మాత్రం పొట్ట పట్టుకొని నవ్వాడు. తలుపు చట్రానికి తల ఆనించి నవ్వాడు. పాతదీ ఆయనదే కొత్తదీ ఆయనదే అన్నావా, అని మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకున్నాడు. నాకు రెండూ లేవు ఉఖ్తీ, నువ్వొక్కదానివే రెండూ ఇచ్చినావు అన్నాడు. ఆ నవ్వు చూసి నేను ఏడ్చాను. ఊరుకో, కాగితం చివర ఇంకేదో రాసినారు సూడు, రాష్ట్రం గడి సంగతే అయ్యుంటాది, నువ్వు చెప్పకపోయినా ఇచ్చేవాళ్లు కాదు అన్నాడు. వదిన చూసింది. నిజంగానే కాగితం చివర ఇంకో మాట ఉంది, ఆ ఊరు ఇప్పుడు రాష్ట్రంలో కాదు, వేరే పాలనా ప్రాంతంలో ఉందని. ఆ గడి కూడా తప్పేనన్న మాట.

నేను చెప్పిందాని వల్ల పోయిందా, ఆ గడి వల్ల పోయిందా? ఇన్నేళ్లయినా నాకు తెలియదు. తెలిస్తే నేరం నాదేనని కూర్చునేదాన్ని, లేదంటే తుడిచేసుకునేదాన్ని. రెండూ కుదరలేదు. తప్పు దిద్దుకోవాలంటే మనిషి స్వయంగా ఆ ఆఫీసుకు రావాలని రాశారు. ఆ దేశానికి పోవాలంటే విమానం ఎక్కాలి. విమానం ఎక్కాలంటే పాస్‌పోర్టు కావాలి.

బాబా ఆఖరిసారి వెళ్లి వచ్చి సోఫాలో కూలబడ్డాడు. ఖలాస్ అన్నాడు. గడువు దాటాక మనిషిని ఇంట్లో పెట్టుకుంటే బాబా మీదికే కేసు వస్తుంది. మామా ఏడ్చింది. అన్న గది ఖాళీ చేసే రోజున బాబా బయటికి రాలేదు, మేడ మీదే ఉండిపోయాడు. ఆయన ఒక సంచీతో వెళ్లాడు. పంపించడానికి కూడా ఏ దేశమూ లేని మనిషిని ఎక్కడికి పంపిస్తారు? ఊరికే బయటికి పంపారు.

మన తెలుగువాళ్లు ఇఖామా లేకుండా దాక్కుని పని చేసేవాళ్లను ఖల్లివల్లి అంటారు. మనలో ఖల్లివల్లి అయినవాళ్లకు కూడా ఒక ఆశ ఉంటుంది. క్షమాభిక్ష ప్రకటిస్తారు, ఎంబసీ ముందు వరసలో నిలబడితే పాస్‌పోర్టుకు బదులు తెల్లకాగితం ఇస్తారు, ఇంటికి పోవచ్చు. ఆయనకు నిలబడడానికి వరస కూడా లేదు.

అల్ రాయ్‌లో బండ్లు బాగుచేసే షెడ్ల వెనక కార్లు కడుగుతున్నాడని ఎవరో చెప్పారు. శుక్రవారాలు డబ్బాలో అన్నం పెట్టుకొని వెళ్లేదాన్ని. చిక్కిపోయాడు. షెడ్డు కప్పు ఎత్తుగా ఉన్నా తల వంచే నడిచేవాడు. ఫోన్‌లో వార్తలు వింటున్నావా అంటే వింటాను అనేవాడు. ఏమంటున్నారు అంటే బకెట్ అందుకొని లేచిపోయేవాడు. నాకు తెలిసిపోయేది, మళ్లీ వాయిదా.

నా మనసు ఊరుకోలేదు. వదిన దగ్గర ఆ జవాబు కాగితం ఉంది, దాని మీద ఆఫీసు నంబరు ఉంది. ఏం చెప్పాలో వారం రోజులు గిన్నెలు తోముతూ అరబ్బీలో వల్లె వేశాను. ఆయనకు ఒక్కటే జిన్సియా. రెండున్నాయని చెప్పింది నేను, ఆయన కాదు. నేను అంగడి గురించి చెప్పాను. ఒక మధ్యాహ్నం వదిన ఫోన్ నుంచి చేశాను. ఎవరో ఎత్తారు. ఒక్క తప్పు లేకుండా మొత్తం చెప్పేశాను.

అవతలి మనిషి మర్యాదగానే విన్నాడు. చెల్లీ, నువ్వు ఎవరు అన్నాడు. వంట మనిషిని అన్నాను. ఆ దరఖాస్తు చూసినాయన ఇప్పుడు లేడు, మా మంత్రి మారాడు, పాతవన్నీ కొట్టేశారు, కొత్తగా పెట్టుకోమను అన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఏమేం కావాలి అని అడిగాను. మిగతావన్నీ మామూలే, దానితో పాటు ఇప్పుడు ఉంటున్న దేశంలో చెల్లుబాటయ్యే ఇఖామా నకలు అన్నాడు.

"ఇఖామా లేదు. పాస్‌పోర్టు లేక పోయింది."

"అయితే మొదట అది తెచ్చుకోమను."

"అది తెచ్చుకోవడానికే మీ పాస్‌పోర్టు."

అవతల నిట్టూర్పు వినిపించింది. ఆయన మనసు కూడా రాయి కాదు. ఎన్నికలయ్యాక చూద్దాం చెల్లీ అని పెట్టేశాడు.

ఆ శుక్రవారం అల్ రాయ్ వెళ్లాను. చెప్పాలా వద్దా అని బస్సులో దారంతా కొట్టుకులాడాను. చెప్పేశాను. వంచిన తల ఎత్తి విన్నాడు. ఇఖామా మాట దగ్గర కూడా ముఖం మారలేదు.

"వాళ్లు ఫోన్ ఎత్తినారా?" అన్నాడు.

"ఎత్తినారన్నా."

"మొదటిసారికే?"

"మొదటిసారికే. నాలుగైదు రింగులకు."

"నేను ఎన్నిసార్లు చేసినానో. ఒక్కసారి గూడా ఎత్తలేదు." తడి చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "అయితే ఆఫీసు ఉండాది," అన్నాడు.

అవును అన్నాను. ఇంతలో ఎవరో కారు తెచ్చి నిలిపారు. లోపలి నుంచి యల్లా, కానియ్ అని కేక వినపడింది. ఆయన పైపు అందుకొని పోయాడు. నేను అన్నం డబ్బా పాత టైరు మీద ఆయనకు కనపడేటట్టు పెట్టి, బస్సు కోసం రోడ్డు వైపు నడిచాను.